గూగుల్‌లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అంటే నమ్మొచ్చా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని షాపులకీ, క్లినిక్‌లకీ, మిర్చి ఎగుమతిదారులకీ వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎవరికో డబ్బు కట్టి, ఫలితం రాక వచ్చినవాళ్లే. వాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: "నెలలో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అన్నారండీ."

మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన గైడ్‌లోనే రాసింది. మార్పులు చేశాక ఫలితం తెలియడానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా వాళ్లే చెప్పారు.

అపోహ: "వేరే సైట్ల నుంచి మా సైటుకు లింకులు కొంటే పైకొస్తాం."

ఒక మిర్చి వ్యాపారి కొత్త సైటు చేయించి, మూడు నెలలు లింకుల కోసమే డబ్బు కట్టారు. కంపెనీ పేరు కొట్టి వెతికినా సైటు రావడం లేదు. తెరిచి చూస్తే, సైటు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లకు ఈ సైటు వద్దని చెప్పే గడిలో టిక్ అలాగే ఉంది. సైటు తయారయ్యేటప్పుడు పెట్టిన టిక్కును తీయడం మరిచిపోయారు. అది తీసేసి, సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ టూల్) సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా, ఇచ్చాక పేజీలు కనబడటం మొదలైంది. ఆ మూడు నెలల డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. పైగా ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ (గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో చేసిన మార్పు) అలాంటి సైట్లను ఎన్నింటినో కిందికి తోసేసింది.

అపోహ: "నా ఫోన్‌లో మేమే ఫస్ట్ వస్తున్నాం."

షాపులో కూర్చుని వెతికితే మీ షాపే దగ్గర కదా! లోకల్ ఫలితాల్లో దూరం కూడా లెక్కలోకి వస్తుంది. అరండల్‌పేటలో పైన కనబడే క్లినిక్, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర వెతికేవాళ్లకు అసలు కనబడకపోవచ్చు. ఎన్నిసార్లు కనబడ్డారు, ఎన్ని క్లిక్కులు వచ్చాయి అన్నది సెర్చ్ కన్సోల్‌లో చూడండి. అది ఉచితం.

అపోహ: "కీవర్డ్స్ ట్యాగ్‌లో ఊళ్ల పేర్లన్నీ పెట్టించాం. యాడ్స్ కూడా ఇస్తున్నాం."

పేజీ కోడ్‌లో, చూసేవాళ్లకు కనబడకుండా ఉండే ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. యాడ్స్‌కు కట్టిన డబ్బు మామూలు ఫలితాల్లో స్థానాన్ని మార్చదు.

అపోహ: "మా సైటులో అన్నీ ఉన్నాయి."

చాలాసార్లు ఉండవు. హోమ్ పేజీలో 'నాణ్యతకు మారుపేరు' అని ఉంటుంది. రకాలూ ధరలూ ఒక ఫొటోలో ఇరికించి ఉంటాయి. మిర్చి కొనేవాళ్లు వెతికేది తేజ, 341, బ్యాడిగి లాంటి రకాల పేర్లు, తొడిమ తీసిన మిర్చి. ఆ మాటలు పేజీలో అక్షరాలుగా లేకపోతే వాళ్లకు మీరు దొరికేదెలా? అందుకే కొత్తగా వచ్చినవాళ్లను, ఫోన్లో కస్టమర్లు అడిగే ప్రశ్నలన్నీ వారం పాటు వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసి తెమ్మంటాను. సైటులో జవాబు లేని ప్రశ్న ఏదైతే ఉందో, పని అక్కడి నుంచే మొదలుపెడతాను.