అంట్లు ఎవరు తోముతారు?

చిరంజీవులైన పిల్లలందరికీ తిరుపతి నుంచి తాత ఆశీస్సులు.

అందరూ సమానంగా బతికే ఊరు కట్టొచ్చా అని అడిగారు. కట్టొచ్చు, కట్టినవాళ్లున్నారు. అలాంటి ఊరి మాట ఎక్కడ విన్నా ముందు ఒకటి అడగండి: అక్కడ అంట్లు ఎవరు తోముతారు, మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు?

స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్‌లో నూలు మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ మంచి మనిషి. పదేళ్లు నిండని పిల్లల్ని పనిలోకి తీసుకోకుండా, 1816లో వాళ్లకు బడి తెరిచాడు. 1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మనీ అనే ఊరినే కొని, రమ్మని అందరినీ పిలిచాడు. కొన్ని వారాల్లోనే దాదాపు 800 మంది చేరారు. మాట్లాడేవాళ్లు ఎక్కువ, సేద్యం, చేతిపని తెలిసినవాళ్లు తక్కువ. నియమాలు మళ్లీ మళ్లీ తిరగరాసుకున్నారు. 1827కల్లా ఆ ప్రయత్నం చెదిరిపోయింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. నల్లజాతివాళ్లకు సభ్యత్వం లేదని మొదటి నియమావళిలోనే రాసుకున్నారు. సమానత్వం గడప దగ్గరే ఆగిపోయింది.

అమెరికాలోనే వర్జీనియాలో 1967లో మొదలైన అలాంటి ఊరు ట్విన్ ఓక్స్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఏ పనైనా గంటకు గంటే లెక్క. వంట, పసిపిల్లల్ని చూసుకోవడం, లెక్కలు రాయడం, అన్నిటికీ ఒకటే విలువ. ఇంటిపని కూడా పనిగా పుస్తకంలోకి ఎక్కడం వల్లే అది నిలబడిందని నా నమ్మకం.

ఈ ఎండాకాలం సెలవుల్లో మీరు 20 మంది చిత్తూరు పక్క పల్లెలో వారం రోజులు కలిసి ఉండి చూడండి. రోజుకు వంట 12 గంటలు, అంట్లు 6, నీళ్లు 4, ఊడవడం 4, మరుగుదొడ్లు 2, సరుకులూ లెక్కలూ 2. మొత్తం 30, అంటే తలా గంటన్నర.

తేడా వచ్చేది సంగటి కుండ దగ్గరే. అర కిలో బియ్యం మెత్తగా ఉడికాక రెండు కిలోల రాగిపిండి నడుమ కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, సన్న మంట మీద పిండి ఉడికాకే కెలకాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. అందుకే రెండో రోజు "నీకు బాగా వచ్చు కదా, నువ్వే కెలుకు" అని ఒక అమ్మాయికి కట్టె అప్పగిస్తారు, అదీ ప్రేమగానే. నాలుగో రోజుకు వంటిల్లు ఆడపిల్లలది, లెక్కల పుస్తకం మగపిల్లలది అయిపోతుంది. వచ్చినవాళ్లు పక్కన నిలబడి చెప్పాలి, రానివాళ్లు కెలకాలి. ఉండలు కడితే కట్టనీ, ఆ పూటకు అవే తినండి.

నీళ్ల కుండకు అందరికీ ఒకటే గ్లాసు, ముంచే వంతు అందరిదీ. కులాన్ని బట్టి టీ అంగళ్లలో వేరే గ్లాసులు పెట్టిన పల్లెలు మనవీ ఉన్నాయి, మరిచిపోకండి. మరుగుదొడ్ల వంతు మొదటి రోజు మీలో పెద్దవాళ్లకు వేయండి. లెక్కల పుస్తకం రెండ్రోజులకొకసారి చేయి మారాలి.

ఏడో రోజు రాత్రి లెక్కల పుస్తకంలో రాసిన ఒక్కొక్కరి పని గంటలు కూడండి. ఎవరి లెక్క అయినా తక్కువగా కనబడితే వెంటనే వాళ్లను తప్పుపట్టకండి, రాయకుండా వదిలేసిన పని ఉందేమో ముందు వెతకండి. చీకటితోనే లేచి పొయ్యి రాజేసిన గంట, జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్న రాత్రి, ఇలాంటివే పుస్తకంలోంచి జారిపోతుంటాయి.

మీ తాత