ఆత్మకూరు బస్సును ఎక్కడ పెట్టాలి?

ఐసెట్‌కు చదువుతున్న పక్కింటి అమ్మాయికి మొన్న ఒక లెక్క ఇచ్చాను. నెల్లూరు బస్టాండు నుంచి ఒంగోలు, ఉదయగిరి, కందుకూరు, ఆత్మకూరులకు ఒక్కో బస్సు బయలుదేరుతుంది. ఒంగోలు బస్సు కందుకూరు బస్సుకంటే ముందు కదులుతుంది. ఉదయగిరి బస్సు కూడా కందుకూరు బస్సుకంటే ముందే. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

అడ్డంగా గీత గీసి ఒంగోలు, ఉదయగిరి, కందుకూరు, ఆత్మకూరు అని చకచకా రాసేసింది. ఉదయగిరి కంటే ఒంగోలు ఎందుకు ముందు? లెక్కలో ఆ పేరు ముందు వచ్చింది కనుక. మరి ఆత్మకూరు చివర ఎందుకు? “దగ్గరి ఊరే కదా బాబాయ్, దానికి తొందరేముంది?”

ఆ వరుస తప్పు కాదు. కానీ ఇచ్చిన మాటలకు సరిపోయే వరుసలు ఎనిమిది ఉన్నాయి. నాలుగు బస్సులను 24 విధాలుగా పేర్చవచ్చు. ఒంగోలు, ఉదయగిరి రెండూ కందుకూరుకు ముందుండేవి అందులో మూడో వంతు. ఇలా లెక్కకట్టి గొప్పలు పోయాక నా పొరపాటూ కనిపించింది. రెండు బస్సులు ఒకే నిమిషంలో కదలకూడదని ఎవరన్నారు? దానికీ తావిస్తే ఎనిమిది కాస్తా 19 అవుతాయి.

నోటితో “ఎప్పుడో ముందు” అనవచ్చు. పెన్సిలుకు ఆ “ఎప్పుడో” రాదు, చుక్కను ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి. పెట్టాక మనం లెక్కను వదిలి చుక్కను చదువుతాం. ఒకే అమరికకు సరిపోయే లెక్కలకంటే రెండు అమరికలకు తావిచ్చే లెక్కల్లో జనం ఎక్కువగా తడబడతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు రూత్ బర్న్, ఫిలిప్ జాన్సన్-లెయిర్డ్ 1989లో చూపించారు.

ఒక్కో గుంపును ఒక్కో వృత్తంగా చూపే బొమ్మల్లోనూ ఇదే చిక్కు. గణితవేత్త ఆయిలర్ పద్ధతిలో రెండు వృత్తాలు కలుస్తాయో విడిగా ఉంటాయో ముందే తేల్చుకుని గీయాలి. 1880లో తర్కవేత్త జాన్ వెన్ దాన్ని తిరగేశాడు: వృత్తాలు ఒకదానిపై ఒకటి పడేలా గీసి, వీలున్న గదులన్నీ ముందే ఏర్పరచి, ఖాళీ అని తెలిసిన గదిలోనే గీతలు నింపమన్నాడు. ఏమీ నింపని గది అంటే అక్కడ ఏముందో ఇంకా తెలియదని. బొమ్మకు “తెలియదు” అనడం నేర్పిన ఉపాయం ఇది. నాకైతే వృత్తాలకంటే ఇదే గొప్పగా తోస్తుంది.

“కొన్ని” అనే మాట దగ్గర ఇది బాగా అక్కరకొస్తుంది. కొట్టువాడు “కొన్ని బస్తాలు మొలగొలుకులు” అంటే మిగతావి వేరే బియ్యమని అర్థం చేసుకుంటాం, బజారులో అది సబబే. పరీక్షలో మాత్రం “కొన్ని” అంటే కనీసం ఒకటి. అన్నీ మొలగొలుకులే అయినా ఆ మాట నిజమే. కనుక వేరే బియ్యం గదిని ఏమీ నింపకుండా వదలాలి.

అమ్మాయి గీత చెరిపేసింది. ఒంగోలు నుంచి ఒక బాణం, ఉదయగిరి నుంచి ఒక బాణం కందుకూరుకు వేసింది. ఆత్మకూరును ఏ బాణమూ లేకుండా పక్కన సున్నా చుట్టి ఉంచింది. “ఆత్మకూరు బస్సు చివరిది” అన్న జవాబు “నిజం కావచ్చు” అని అడిగితే ఒప్పు, “తప్పక నిజం” అని అడిగితే తప్పు. “కందుకూరు బస్సు మొదటిది కాదు” అన్నది రెండింటికీ ఒప్పే.