సాంబారు గిన్నె, సూర్యుడు, చక్రాల ఇంట్లో ఫ్రిజ్

అమెరికాలో అరిజోనా రాష్ట్రం పడమటి అంచున క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. వేసవిలో అక్కడ నిలబడడమే కష్టం. చలికాలం వచ్చిందంటే మాత్రం ఊరి చుట్టూ ఎడారి నిండా ఆర్వీలు దిగుతాయి. ఆర్వీ అంటే మంచం, పొయ్యి, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ అమర్చిన చక్రాల ఇల్లు. ఉత్తరాది మంచు పడలేక వచ్చిన పెద్దవాళ్లు ప్రభుత్వ భూమిలో బండి ఆపుకొని నెలల తరబడి ఉండిపోతారు. కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు. ఇలా ఉండడాన్ని 'బూన్‌డాకింగ్' అంటారు. ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాషలో 'బుందోక్' అంటే కొండ. ఆ మాట అమెరికా సైనికుల నోట పడి, ఊరికి దూరంగా ఉన్న ఏ మారుమూలకైనా పేరుగా స్థిరపడింది.

అక్కడ బండి కప్పుల మీద సోలార్ పలకలు మామూలు దృశ్యం. లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు ఆ కరెంటుతో హాయిగా నడిచిపోతాయి. తంటా అంతా ఫ్రిజ్‌తోనే. లైటు ఆర్పేస్తే ఆరిపోతుంది. ఫ్రిజ్‌కు రాత్రి లేదు, సెలవు లేదు. అద్దె ఆర్వీలో దోసె పిండి, పెరుగు, పచ్చళ్లు సర్దుకుని గ్రాండ్ కేన్యన్‌కో యెల్లోస్టోన్‌కో బయల్దేరే మన తెలుగు కుటుంబాలకూ మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: కప్పు మీద పలక ఉంది కదా, ఫ్రిజ్ దాంతో నడవదా?

నడుస్తుందా లేదా అన్నది ముందు ఫ్రిజ్ జాతిని బట్టి ఉంటుంది. పాత ఆర్వీల్లో ఎక్కువగా కనిపించేది మంటతో నడిచే ఫ్రిజ్. బండి బయటి గోడకు ఉన్న చిన్న తలుపు తీసి వంగి చూస్తే, అడుగున వేలెడంత నీలి మంట వెలుగుతూ కనిపిస్తుంది. మంట పెట్టి ఐసు చేయడం ఏమిటని మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాను.

ఆ ఫ్రిజ్ గొట్టాల్లో నీరు, అమ్మోనియా, హైడ్రోజన్ శాశ్వతంగా బంధించి ఉంటాయి. మంట వేడికి నీటిలో కరిగి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి వెళ్తుంది, పై రెక్కల్లో చల్లారి ద్రవమవుతుంది, అక్కడినుంచి ఫ్రిజ్ లోపలి గొట్టంలోకి జారుతుంది. అక్కడ హైడ్రోజన్ నిండి ఉండడంతో అమ్మోనియా వంతు ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. అందుకే అంత చలిలోనూ అది మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని నీరు తిరిగి పీల్చుకుంటుంది, కథ మొదటికి వస్తుంది. తిరిగే భాగం ఒక్కటీ లేదు, చప్పుడు లేదు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టెర్స్, దీన్ని రూపొందించారు. భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ కూడా కదిలే భాగాలు లేని తమ సొంత ఫ్రిజ్‌కు 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నారు గానీ, అది బజారుకు రాలేదు. అంగడి గెలిచింది ఆ విద్యార్థుల ఫ్రిజ్.

దీనికి ఒక షరతు ఉంది: బండి చదునైన నేల మీద నిలవాలి. వాలులో ఎక్కువసేపు నిలిపితే ద్రవం ఎక్కడో నిలిచిపోతుంది, అడుగు గొట్టం మాడుతుంది. వెనక పసుపు రంగు పొడి కనిపించి, అమ్మోనియా ఘాటు తగిలితే ఆ ఫ్రిజ్ పని అయిపోయినట్టే. గొట్టాలు తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ బయటికి కారిందన్న మాట.

ఇక లెక్కకు వద్దాం. ఈ రకం ఫ్రిజ్ ఒక వంతు వేడిని తిని, లోపలి నుంచి దాదాపు పావు వంతు వేడిని మాత్రమే బయటికి తోలగలదు. అయినా బతికిపోయింది, ఎందుకంటే గ్యాసులో శక్తి అంత చిక్కగా ఉంటుంది. కిలో ప్రొపేన్‌లో సుమారు 13 యూనిట్లు, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. అరకిలో లోపు గ్యాసుతో రోజు గడిచిపోతుంది. 9 కిలోల బండ మూడు వారాలు వస్తుంది. అదే ఫ్రిజ్‌ను గ్యాసు మాని కరెంటు హీటరుతో నడిపితే 300 వాట్లు, వేడి రోజుల్లో దాదాపు ఆగకుండా. రోజుకు 6 యూనిట్లు. ఇప్పుడు బ్యాటరీని చూడండి: 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ సుమారు 12 కిలోల బరువు. అందులో పట్టేది 1.28 యూనిట్లు. అంటే 100 గ్రాముల ప్రొపేన్‌తో సమానం! మంటతో నడవడానికి పుట్టిన ఫ్రిజ్‌కు సోలార్ తగిలించడమంటే ఏనుగుకు ఉగ్గు పట్టడమే.

సోలార్‌తో పొత్తు కుదిరేది రెండో జాతికి, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కు. మన ఇంటి ఫ్రిజ్ సూత్రమే. ఒక వంతు కరెంటుతో ఒకటిన్నర వంతుల వేడిని బయటికి తోలుతుంది. నడిచేటప్పుడు 40 నుంచి 60 వాట్లు, అదీ రోజులో మూడో వంతో సగమో. మొత్తం మీద రోజుకు అర యూనిట్ చుట్టుపక్కల.

ఆ అర యూనిట్ ఎక్కడికి పోతోంది? చాలామంది తలుపు తీయడం వల్ల అనుకుంటారు. "ఫ్రిజ్ తలుపు తీసి నిలబడకు" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో ఉండరు. లెక్క వేసి చూస్తే అమ్మలు కాస్త అన్యాయంగానే తిట్టారనిపిస్తుంది. 150 లీటర్ల ఫ్రిజ్‌లో గాలి మొత్తం బయటికి పోయి, దాని చోట 30 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్న పొడిగాలి చేరినా, దాన్ని చల్లబరచడానికి పట్టే కరెంటు సుమారు ఒక వాట్-అవర్, అంటే యూనిట్‌లో వెయ్యో వంతు. గాలికి బరువెంతని! మూడు లీటర్ల సాంబారును పొయ్యి మీది నుంచి 90 డిగ్రీల వేడితో దించి నేరుగా లోపల పెడితే మాత్రం 200 వాట్-అవర్లు ఖర్చు. రెండు వందల సార్లు తలుపు తీసినంత. ఆ గిన్నెను బయట చల్లారనిస్తే ఎడారి రాత్రి ఆ పని ఉచితంగా చేసి పెడుతుంది.

అసలు దొంగ గోడ. రెండు చదరపు మీటర్ల గోడ, 5 సెంటీమీటర్ల ఫోమ్, లోపలికీ బయటికీ 25 డిగ్రీల తేడా ఉంటే, నిలకడగా 25 వాట్ల వేడి లోపలికి ఊరుతూనే ఉంటుంది. రోజుకు 600 వాట్-అవర్ల వేడి. దాన్ని తోడిపోయడానికి 400 వాట్-అవర్ల కరెంటు. ఖర్చులో సింహభాగం ఇక్కడే తేలిపోయింది. ఫోమ్ మందం రెట్టింపైతే ఈ ఖర్చు సగమవుతుంది. కప్పు మీద మరో పలక బిగించే ముందు ఫ్రిజ్ చుట్టూ ఇంకో పొర ఫోమ్ వేయమంటాను నేను. అయితే వేడి బయటికి పోయే వెనకవైపు మాత్రం మూయకూడదు. ఆర్వీలో ఆ వెనకభాగం బండి బయటి గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ గోడకు మధ్యాహ్నపు ఎండ తగిలితే కంప్రెసర్‌కు ఊపిరాడదు. అనుభవజ్ఞులు బండిని నిలిపేటప్పుడే ఆ గోడను ఉత్తరానికి తిప్పుతారు, లోపల కంప్యూటర్ ఫ్యాన్ లాంటి చిన్నది ఒకటి పెడతారు.

మరో రహస్యపు కన్నం ఇన్వర్టర్. కరెంటు కోతలతో పెరిగిన మనకు ఇది పాత స్నేహితుడే. 12 వోల్టులను ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు, ఏ పనీ చేయకపోయినా అది 20 వాట్లు మింగగలదు. ఇరవైనాలుగు గంటలకు 480 వాట్-అవర్లు. ఫ్రిజ్‌కు ఎంతో, ఫ్రిజ్ కోసం కాపలా కాసేవాడికీ అంతే! అందుకే నేరుగా 12 వోల్టులతో నడిచే ఫ్రిజ్ ఖరీదెక్కువైనా చివరికి చవక.

ఇప్పుడు పైకి చూద్దాం. 200 వాట్ల పలక అన్నంత మాత్రాన 200 వాట్లు రావు. ఆ అంకె పలక 25 డిగ్రీల దగ్గర ఉండి, ఎండ నిటారుగా పడినప్పటిది. ఎండలో కాగి 65 డిగ్రీలకు చేరిన పలక 14 శాతం దాకా కోల్పోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ సూర్యుడి ఎత్తు. డిసెంబరు 21న క్వార్ట్‌జ్‌సైట్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీలకు మించి ఎక్కడు. కప్పు మీద పడుకుని ఉన్న పలకకు అప్పుడు నేరుగా అందేది ఎండలో 54 శాతమే. రోజంతా కలిపి అర యూనిట్ వస్తే గొప్ప, అంటే ఫ్రిజ్‌కు సరిగ్గా సరిపోయి ఒక్క మబ్బుకు చాలదు. కాబట్టే అక్కడివాళ్లు పొద్దున్నే కప్పెక్కి పలకలను దక్షిణానికి వాల్చి నిలబెడతారు, లేదా 400 వాట్ల దాకా బిగించుకుంటారు. నీడ సంగతి సరేసరి: పలకలో గడులు దండలో పూసల్లా వరుసగా కలిపి ఉంటాయి కనుక ఏసీ పెట్టె నీడ ఒక మూల పడినా మూడో వంతు పలక పడుకుంటుంది. యెల్లోస్టోన్ పైన్ చెట్ల కింద ఫ్రిజ్‌కు హాయి, పలకకు ఉపవాసం. పొడుగాటి తీగతో ఎండలోకి లాక్కెళ్లే మడత పలక అక్కడే పనికొస్తుంది.

రాత్రిని దాటించేది బ్యాటరీ. పాత సీసం బ్యాటరీని సగానికన్నా దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియంను దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కాకపోతే గడ్డకట్టే చలిలో లిథియంను ఛార్జ్ చేయకూడదు, ఎడారి తెల్లవారుజామున ఇది గుర్తుంచుకోవాలి. ఇంకో దారి బ్యాటరీ బదులు మంచు. కిలో మంచు కరిగితే 93 వాట్-అవర్ల వేడిని మింగుతుంది. టీకాలు దాచే సోలార్ ఫ్రిజ్‌లలో కొన్నింటికి బ్యాటరీయే ఉండదు; పగలు మంచు కట్టి, రాత్రి దాని చలి మీద నడుస్తాయి. ఆర్వీలోనూ మధ్యాహ్నం ఎండ మిగిలినప్పుడు నీళ్ల సీసాలు నాలుగు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి రాత్రికి కింది అరలోకి దించుకోవచ్చు.

ఇంతా చేసి ఫ్రిజ్ చేసేది చలిని పుట్టించడం కాదు, వేడిని లోపలినుంచి బయటికి మోయడం. ఆ మోసిన వేడి ఎక్కడికో పోదు. చలికాలపు ఎడారిలో పాలు తోడుకోక విసిగిపోయిన రోజున, గిన్నెకు తువ్వాలు చుట్టి కంప్రెసర్ పక్కన, గాలికి అడ్డురాకుండా పెట్టాం. తెల్లారేసరికి గట్టి పెరుగు. దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టాం.