నునుపు గొట్టం, రెండు గుండ్లు: పల్నాడు నాటు తుపాకి వెనక కథ

బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు నల్లమల అంచు ఊళ్లలో అడవిపందులు చేల మీద పడటం ఎప్పటినుంచో ఉన్న బాధే. మొక్కజొన్న, వేరుశనగ ఒక్క రాత్రిలో నేలపాలవుతాయి. ఆ పక్కనే ఇంకో వార్త, నాటు తుపాకులు పట్టుబడ్డాయని. గుంటూరులో చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఈ కాలంలోనూ మూతి నుంచి మందు కూరే తుపాకే రైతు చేతిలో ఎందుకుంది? అందులో ఒకటికి రెండు గుండ్లు ఎందుకు వేస్తున్నారు?

మొదటిదానికి జవాబు చట్టాల్లో ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు మన సిపాయిలకు రైఫిళ్లు నమ్మి ఇవ్వలేదు. లోపల గాడులు లేని నునుపు గొట్టం తుపాకులే ఇచ్చారు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదంది, ఐరోపావాళ్లను మాత్రం వదిలేసింది. స్వతంత్రం వచ్చాక 1959లో చేసిన చట్టంలో 13వ సెక్షన్ చూడండి: పంట కాపాడుకోవడానికి అడిగితే ఇవ్వాల్సింది మూతి నుంచి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితేనే వేరే నునుపు గొట్టం తుపాకి. రైతుకు పాత ఆయుధమే చాలని చట్టమే తేల్చిందన్నమాట. లైసెన్సు దొరకనివాడు ఊళ్లోనే ఏదో ఒక గొట్టంతో చేయించుకున్నాడు.

రెండో ప్రశ్నకు జవాబు ఆ గొట్టంలోనే ఉంది. ముందు మందు పోసి, గుడ్డపీలిక కూరి, పైన సీసం గుండు వేసి కడ్డీతో దిమ్మించాలి. మూతి నుంచి దిగాలంటే గుండు గొట్టం కన్నా కాస్త సన్నగా ఉండాలి. పేలినప్పుడు అది గోడలకు తగులుతూ వచ్చి, ఏ వైపు తగిలితే దానికి ఎదురుగా మళ్లుతుంది. గాడులుంటే గుండు తిరుగుతూ సూటిగా పోయేది. ఇక్కడ యాభై, అరవై గజాలు దాటితే గురికి భరోసా లేదు. అందుకే ఒకటి తప్పినా ఇంకోటి తగులుతుందన్న ఆశ. అమెరికా సైన్యం సైతం 19వ శతాబ్దం నడుమ దాకా ఒక పెద్ద గుండుకు మూడు చిన్న గుండ్లు చేర్చి ఒకే తూటాగా కట్టింది.

ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. గుండు రెండైతే కదిలించాల్సిన బరువు రెట్టింపు. మందు తగ్గించకపోతే లోపలి ఒత్తిడి పెరిగి గొట్టం మీదే పడుతుంది. తెలిసినవాడు గుండు పెంచితే మందు తగ్గిస్తాడు. మన దగ్గర మాత్రం పంది పెద్దదని మందు కూడా ఇంకాస్త పోస్తారు. తుపాకి మూతి కిందికి వంచి నడిస్తే పై గుండు జారి నడుమ ఖాళీ ఏర్పడుతుంది. ఆ స్థితిలో పేలిస్తే గొట్టం అక్కడ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. కార్ఖానా గొట్టాన్ని మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర వేస్తారు. ఊళ్లో తయారైన గొట్టానికి ఆ పరీక్ష లేదు, పగిలేది ఎడమచేయి ఉన్న చోటే. నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. రెండు గుండ్లు చెదిరి, ఒకటి పొట్టలో దిగితే జంతువు అక్కడికక్కడే చావదు. అడవిలోకి పోయి రోజుల తరబడి నరకం పడుతుంది.

ఇంతలో అడవి చట్టం మారిపోయింది. 1972 వన్యప్రాణి చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులిచ్చేది. 1991 సవరణ వాటిని ఎత్తేసింది. పంటకు ముప్పైన జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. 2022 సవరణ అడవిపందిని మూడో షెడ్యూల్ (చట్టం రక్షించే జంతువుల జాబితా) నుంచి రెండోదానికి మార్చినా ఈ దారి మూసుకుపోలేదు. అంటే ఆయుధాల చట్టం కింద పంట కోసం తుపాకి ఉన్న రైతు కూడా, వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా పందిని కాలిస్తే ముద్దాయే.

2016 ఆయుధ నియమావళి లైసెన్సు అడిగేవాళ్లకు భద్రతా శిక్షణ పెట్టింది. లైసెన్సు లేని నాటు తుపాకి వాడేవాడు ఆ శిక్షణకు రాలేడు. అతనికి మందు కొలత చెప్పేది పాత వేటగాడే.