చిన్న పెట్టెకు అంత బరువెందుకు?

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

కారులోంచి తీసి కింద పెట్టిన బ్యాటరీని ఇద్దరూ కలిసి జరపబోయి జరపలేకపోయారనీ, అంతే ఉన్న పుస్తకాల పెట్టె మాత్రం సులువుగా కదిలిందనీ, అలా ఎందుకని అడుగుతున్నారనీ మీ అమ్మ రాసింది. ఆ బ్యాటరీ నిండా సీసపు పలకలున్నాయి. లీటరు నీళ్లు పట్టే డబ్బాను సీసంతో నింపితే 11 కిలోలు దాటి తూగుతుంది. అదే డబ్బాను అల్యూమినియంతో నింపితే మూడు కిలోలైనా తూగదు.

ఒక తరగతి గదిని ఊహించుకోండి. పిల్లలు వరుసగా కూర్చున్నారు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక పుస్తకాల సంచి ఉంది. ఆ పిల్లలే పరమాణువులు. అల్యూమినియం గదిలో ఒక్కొక్కరి సంచి 27 పుస్తకాల బరువైతే, సీసం గదిలో ఒక్కొక్కరిది 207 పుస్తకాల బరువు. సీసం పిల్లలు కాస్త లావు కాబట్టి, అక్కడ పదకొండు మంది పట్టిన చోట ఇక్కడ ఆరుగురే పడతారు. అయినా గది మొత్తం బరువు నాలుగింతలు దాటుతుంది. ఇంత బరువు మోస్తున్నా వీళ్లు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకోరు. అందువల్లనే సీసం మీద గోటితో గీత పడుతుంది, 327 డిగ్రీల వేడికే అది కరిగిపోతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి.

నా చిన్నతనంలో అచ్చాఫీసులో అక్షరాలన్నీ సీసపువే. సీసం ఒక్కటే అయితే మరీ మెత్తన కనుక, అందులో ఆంటిమొనీ, తగరం కలిపి పోత పోసేవారు. ఆ అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఒకాయన ఒక అక్షరాన్ని నా అరచేతిలో పెట్టాడు. వేలెడంత కూడా లేని ఆ ముక్క, కన్ను వేసిన అంచనాకు మించిన బరువుతో చల్లగా అరచేతికి ఆనింది. అరిగిపోయిన అక్షరాలను ఇనప గిన్నెలో కరిగించేటప్పుడు పైన బూడిదరంగు పొర తేలేది. గరిటెతో ఆ పొరను పక్కకు తీస్తే అడుగున అద్దంలాంటి మెరుపు కనిపించేది, చూస్తుండగానే అదీ మసకబారేది. గాలి తగలగానే సీసం తన మీద తానే అలాంటి పొర కట్టుకుంటుంది, ఆ పొరే లోపలి లోహాన్ని తుప్పు తినివేయకుండా కాపాడుతుంది. రోమన్లు నీళ్ల కోసం వేసిన సీసపు గొట్టాలు నేటికీ దొరకడానికి కారణం అదే.

గొట్టం పాడవలేదు గాని, సీసం మన ఒంట్లోకి చేరితే చేసే చెరుపు అంతా ఇంతా కాదు. మన ఎముకల్లో కాల్షియం కూర్చోవలసిన సీటు ఒకటుంది; సీసం పిల్లవాడు తన సంచితో సహా వచ్చి అందులో కూర్చుంటాడు, ఏళ్ల తరబడి లేవడు. పెద్దల ఒళ్లు పీల్చుకునే దానికన్నా పిల్లల ఒళ్లు దాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, ఎదిగే మెదడుకు దానివల్ల కలిగే నష్టం తిరిగి పూడదు. ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదే లేదు. కాబట్టి బ్యాటరీని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం కలిసి ఉండగల పాత రంగు పెచ్చులను గోడల మీంచి గిల్లకండి, పాడైన బ్యాటరీని ఎవరైనా ఇంటి దగ్గర పగలగొడుతుంటే అక్కడ నిలబడకండి.

ఈ విషయంలో నేను మనసారా గౌరవించే మనిషి అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్. యురేనియం పిల్లవాడి సంచి సీసం కన్నా బరువు. ఆ బరువు ఓపలేక పుస్తకాలను నాలుగేసి చొప్పున జారవిడుస్తూ, కోట్ల ఏళ్లకు చివరికి సీసంగా మారి స్థిమితపడతాడు. అలా పుట్టిన సీసం ఎంతో కొలిస్తే ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. పాటర్సన్ కొన్ని ఉల్కల్లోని సీసాన్ని కొలిచి, భూమి వయసు దాదాపు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రకటించాడు. ఆ కొలత సరిగా రావడానికి ఆయన ఎంతో కష్టపడవలసి వచ్చింది, ఎందుకంటే ప్రయోగశాల దుమ్ములో, గాలిలో, ఎక్కడ చూసినా సీసమే. 1920ల నుంచి పెట్రోలులో కలుపుతూ వచ్చిన సీసమే దానికి ప్రధాన కారణమని గుర్తించి, పెద్ద పెద్ద కంపెనీలు కాదన్నా ఆయన వెనక్కి తగ్గలేదు. కార్లకు సీసం కలిపిన పెట్రోలు అమ్మడం లోకమంతటా ఆగిపోయేసరికి 2021 వచ్చింది.

ఇక మీ బ్యాటరీ సంగతి. ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక పలక సీసం, ఇంకొకటి సీసపు డయాక్సైడు, మధ్యలో పలచని గంధకామ్లం. విద్యుత్తు ఇచ్చేటప్పుడు రెండు పలకల పైనా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఛార్జి చేస్తే మళ్లీ ఎవరి రూపం వారికి వస్తుంది. అయితే ఆవర్తన పట్టికలో సీసానికి సరిగ్గా పైగడిలో ఉన్న తగరంతో ఇలాంటి బ్యాటరీ ఎందుకు నడవదు? ఇక్కడ నా తరగతి గది చాలదు, పిల్లలూ. సీసపు పరమాణువు నడుమ ఉన్న 82 ప్రోటాన్లు లాగే లాగుడుకు, లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో తిరుగుతాయి, అంత వేగానికి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వర్తిస్తుంది. కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులలో దాదాపు 10 వోల్టులు ఆ వేగం పుణ్యమేనని 2011లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అది ఎలాగో మీరు పెద్ద చదువుల్లో నేర్చుకుంటారు. ఆ లెక్క తెలిసినప్పటి నుంచి బ్యాటరీని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎప్పుడైనా ఎక్స్‌రే తీసే చోటికి వెళ్లవలసివస్తే, అక్కడి ఉద్యోగి తొడుక్కునే సీసపు ఏప్రన్‌ను అడిగి ఒకసారి చేతుల్లోకి తీసుకోండి. గది గుండా దూసుకుపోబోయిన కిరణం ఆ బరువైన సంచులకు తగిలి ఆగిపోయేది అందులోనే. ఎంత బరువుందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య