హైబ్రిడ్ కారు మైలేజీ: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హన్మకొండలో మా షెడ్డుకు వచ్చే హైబ్రిడ్ కార్లలో (పెట్రోలు ఇంజిన్‌తోపాటు బ్యాటరీ మీద తిరిగే మోటారూ ఉన్నవి) రిపేర్ల కంటే ఎక్కువ వినేది ఒకే మాట: "కంపెనీ చెప్పిన మైలేజీ వస్తలేదన్నా." బండిని చూస్తే చాలాసార్లు ఏ లోపమూ ఉండదు. నడిపే తీరు అడిగితే విషయం బయటపడుతుంది.

అపోహ: ఈవీ లైటు (ఇంజిన్ ఆగి బండి బ్యాటరీ మీదే నడుస్తోందని చూపేది) వెలిగినంతసేపు ప్రయాణం ఫ్రీ.

వాస్తవం: బయటి నుంచి చార్జింగ్ పెట్టే ప్లగ్ లేని హైబ్రిడ్‌లో బ్యాటరీలోని కరెంటంతా పెట్రోలు నుంచి వచ్చిందే. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో (మోటారు ఒక్కదానితోనే కొంతదూరం నడవగల రకం) బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్. ఇంటి కరెంటు బిల్లు లెక్కలో ఒక్క యూనిట్ కూడా కాదు. ఇంజిన్ లేవకూడదని చౌరస్తా నుంచి కాజీపేట దాకా పెడల్‌ను తాకీతాకనట్టు నడిపేవాళ్లున్నారు. వెనక హారన్లు మోగడం అటుంచితే, బ్యాటరీ దిగిపోయాక ఇంజినే దాన్ని మళ్లీ నింపాలి. పెట్రోలు కరెంటుగా, కరెంటు మళ్లీ చక్రాల తిప్పుడుగా మారిన ప్రతిసారీ కొంత వృథా పోతుంది. మామూలు పికప్‌తో కావలసిన వేగం అందుకోండి, ఓసారి కాలు తీయండి, ఇంజిన్ ఆగాక చిన్నగా తొక్కుతూ ఆ వేగాన్ని నిలుపుకోండి.

అపోహ: బ్రేకు ఎంత తొక్కితే అంత చార్జింగ్.

వాస్తవం: కాలు తీసినా, మెల్లగా బ్రేకు వేసినా మోటారు చక్రాల తిప్పుడును కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపే మాట నిజమే, కానీ వేగం పెంచడానికి ఖర్చయిన దాంట్లో తిరిగి వచ్చేది కొంతే. సడన్‌గా తొక్కితే మామూలు బ్రేకులు పట్టుకుంటాయి, ఆ శక్తి వేడిగా పోతుంది. హైదరాబాద్ రోడ్డు మీద కోమల్ల టోల్‌గేట్ కనబడగానే కాలు తీసేయండి. బ్రేకు చివర్లో, మెల్లగా.

అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే మిగులు.

వాస్తవం: న్యూట్రల్‌లో బ్యాటరీ చార్జ్ కాదు. గేరు డీ (డ్రైవ్)లోనే ఉంచండి.

అపోహ: ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఇంజిన్‌తోనే బ్యాటరీ నింపుకోవచ్చు.

వాస్తవం: ఇంటి కరెంటుతోనూ చార్జ్ చేసుకునే ఈ బండ్లు మన దగ్గర అరుదు, అమెరికాలో ఉన్న మనవాళ్లే ఎక్కువగా అడుగుతారు. నింపుకోవచ్చు, కానీ అది పెట్రోలుతో చేసుకున్న ఖరీదైన కరెంటు. రాత్రి ఇంట్లో చార్జ్ పెట్టండి. దూరప్రయాణమైతే హైవే మీద బ్యాటరీని హోల్డ్‌లో (ఉన్న చార్జ్‌ను దాచి ఉంచే మోడ్) పెట్టి, ఊళ్లోకి వచ్చాక వాడండి. ఇంటికి చేరేసరికి అది దాదాపు ఖాళీ అయితే మంచి లెక్కే.

అపోహ: ఇంజిన్ ఆగి ఉంటే ఏసీకి ఖర్చు లేదు.

వాస్తవం: కంప్రెసర్ బ్యాటరీ మీద తిరుగుతుంది, అది తగ్గగానే ఇంజిన్ లేస్తుంది. మే ఎండలో హంటర్ రోడ్డు ఫంక్షన్ హాల్ ముందు గంటసేపు ఏసీలో కూర్చుంటే మైలేజీ అక్కడే పోయింది. ఎండలో ఉన్న బండి ఎక్కే ముందు తలుపులు తీసి వేడిగాలి పోనివ్వండి.

అపోహ: హైవే మీద ఇంకా ఎక్కువ మైలేజీ.

వాస్తవం: హైబ్రిడ్ లాభం ట్రాఫిక్‌లోనే. హైవే మీద బ్రేకు తక్కువ, కాబట్టి తిరిగి వచ్చేదీ తక్కువ. 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

టైర్లలో గాలి ఎండాకాలమని తగ్గించకండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారం, పొద్దున బండి తీయకముందు చూసుకోండి.