పాత టోపో షీటులో నీలి గీత ఉంటే నీళ్లున్నట్టేనా?

పాత టోపో షీట్లను, అంటే ఎత్తుపల్లాలు, ఏర్లు చూపే సర్వే మ్యాపులను స్కాన్ చేసి, జియోరిఫరెన్స్ చేయడం (మ్యాపులోని చోట్లను అక్షాంశ రేఖాంశాలకు జోడించడం) నా పని. అమెరికా ఎడారి కొండల షీట్లు, ముఖ్యంగా డెత్ వ్యాలీవి పట్టుకొచ్చే వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇక్కడ ఏరుంది కదండీ, నీళ్లు తక్కువ మోసుకెళ్తే సరిపోదా?"

సరిపోదు. ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే. నీలి గీత తెగకుండా సాగితే అది ఏడాది పొడవునా పారే ఏరు. చుక్కలతో తెగుతూ సాగితే వాన పడ్డప్పుడే పారేది. ఎడారి షీట్లలో కనిపించేవి దాదాపు అన్నీ ఈ రెండో రకం. డెత్ వ్యాలీ అడుగున ఏడాది మొత్తానికి పడే వానే సుమారు 50 మిల్లీమీటర్లు! పోనీ ఎండిన వాగే కదా అని అందులో గుడారం వేస్తారు. ఎక్కడో పై కొండల్లో వాన దంచితే, తల మీద మబ్బు లేకుండానే వరద వచ్చి పడుతుంది.

ఊట గుర్తు ఉన్నా అంతే. సర్వే వాళ్లు వెళ్లినప్పుడు అక్కడ నీరుందని మాత్రమే దానర్థం. సర్వే ఏ ఏడాది జరిగిందో షీటు అంచున ఉంటుంది, ముందు అది చూడండి. ఒకాయన 1950ల నాటి షీటులోని రెండు ఊటల్ని నమ్ముకుని నడక ప్లాన్ వేసుకున్నాడు. పార్కు రేంజర్లకు ఫోన్ చేయించాను. ఒకదాన్ని అసలు లెక్కలోకే తీసుకోవద్దన్నారు. పాపం, ఆ రాత్రంతా టెన్షన్ పడి, మోసుకెళ్లాల్సిన నీళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచీ వేసుకున్నాడు. భయపడి అడిగేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు, ఎన్నిసార్లయినా చెబుతాను. "ఎవరో చెప్పారు, నీళ్లుంటాయట" అనేవాళ్లతోనే చిరాకు.

జీపీఎస్‌తో కలవట్లేదు కాబట్టి మ్యాపు తప్పంటారు. డేటమ్, అంటే చోట్ల స్థానాల్ని లెక్కగట్టడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా, ఏదో చూశారా? పాత షీట్లు చాలావరకు 1927 నాటి నాడ్27 అనే డేటమ్ మీద ఉంటాయి, ఫోను వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే డేటమ్. అక్కడి యూటీఎం (చోటును మీటర్లలో చెప్పే గ్రిడ్) అంకెల్లో తేడా 200 మీటర్ల దాకా వస్తుంది. జీపీఎస్‌లో డేటమ్ సెట్టింగు మార్చండి, చాలు.

కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, దూరంగా ఉంటే మెత్తటి వాలేనా? గీతకీ గీతకీ ఎత్తులో 80 అడుగుల అంతరమున్న షీటులో 60 అడుగుల కొండ అంచు రెండు గీతల మధ్య కనపడకుండా దాక్కోగలదు.

ఇక, పాతది కాబట్టి అపురూపమనే మాట. ఈ షీట్లు తయారుచేసిన అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ తన పాత షీట్ల స్కాన్లను ఉచితంగానే ఇస్తోంది. కొనే ముందు అక్కడ వెతకండి.